సీజన్ కూలి

మక్తల్ బస్టాండ్ల
బొంబాయి బస్సు, హైదరాబాద్ బస్సు పక్కపక్కనే ఆగుతయి.
మా నాయిన పదిహేనేండ్లు మొదటిదెక్కిండు.
పార, తట్ట, ఒక గొంగడి.
నేను పదకొండేండ్లు రెండోదెక్కి ఎయిర్‌పోర్టుకు పోయిన.
రెండు బ్యాట్లు, ముండ్ల బూట్లు, అదే గొంగడి.

పదహారు రంజీ మ్యాచులాడినందుకు దొరికిన పని.
ఏప్రిల్ల పోవాలె, సెప్టెంబర్ల రావాలె.
కాయిదం మీద సంతకం, చేతిల అడ్వాన్సు,
ఉండెటందుకు క్లబ్బు ఎనక ఒక అర్ర.
"గుంపు మేస్త్రి ఎవరు?" అనడిగిండు నాయిన.
కెప్టెన్ అని చెప్పిన.
"తిడ్తడా?"
తిట్టడు. మాట్లాడనే మాట్లాడడు.
"గట్లయితె ఇంకా కష్టం" అన్నడు.

ఆ ఊర్ల మిల్లులన్ని మూతవడ్డయి.
పొగగొట్టం ఒకటి మిగిలింది,
దాని దిక్కు నుంచే బంతి ఏస్తుంటి.
మొదటి దినం నా పేరు చెప్తె
బారు కాడి ముసలాయన నవ్వి గ్లాసు నింపి తెచ్చిండు.
బీరప్ప అంటె దేవుడని, గొర్లు కాసెటోళ్ల దేవుడని
నాకొచ్చిన ఇంగిలీషుల చెప్పెటాల్లకు
నురుగంత దిగిపోయింది.
స్కోరుబోర్డు మీద గూడ సగం పేరే రాసిన్రు.
వికెట్లన్ని ఆ సగం పేరు మీదనే ఉన్నయి.

ఆడ ఆట కంటె వాన ఎక్కువ.
మన వాన కాదు.
పడ్డట్టుండది, ఆగినట్టుండది,
పైన ఎవరో పిండి జల్లెడ పడ్తున్నట్టు.
అందరు లోపల్కి ఉరికితె
నేను గొంగడి కొప్పెర ఏస్కొని
బౌండ్రీ కాడ కూసుంటుంటి.
అవతలి గుట్ట మీద గొర్లు,
ఒళ్లు తెల్లగ, మొఖం నల్లగ.
మందకు మనిషి లేడు.
లెక్కవెట్టకుంట ఉండలేకపోయిన.
నలభై రెండు.
మరునాడు నలభై ఒకటి.
ఎవర్ని అడగాలె?

ఏడో ఏడు కౌంటీ నుంచి ఫోనొచ్చింది.
రెండో జట్టు, మూడు దినాల మ్యాచి,
వాళ్ల స్పిన్నర్‌కు ఏలిరిగింది.
అవ్వకు ఫోన్ చేసిన.
కౌంటీ అంటె ఏందని ఎట్ల చెప్పాలె,
జిల్లా అనుకో అన్న.
"జిల్లాకు ఆడెటందుకు అంత దూరం పోవాల్నా బిడ్డా?"

తొమ్మిది ఓవర్లు ఏసిన.
పదో ఓవర్‌కు చెయ్యి తిప్పుతుంటె చినుకు.
మిగిలిన రెండు దినాలు కిటికీల నుంచి సూసిన,
పట్టాల మీద నీళ్లు, నీళ్ల మీద పిట్టలు.
పంతొమ్మిది పరుగులు, వికెట్ లేదు.
ఒక క్యాచ్ లేసింది.
స్లిప్పుల నిలవడ్డ పోరడు
జేబులకెల్లి చేతులు తీసెటాల్లకు
బంతి గడ్డిల ఉన్నది.
వాని పేరు నాకు యాదికున్నది. చెప్ప.

ఆ ఏడు వచ్చేటప్పుడు
బూటు ముండ్లకంటిన పిచ్చు మట్టి
సాక్సుల మూటగట్టి తెచ్చిన.
నాయిన చిటికెడు తీసి, నలిపి, ఉమ్మి తడి చేసి సూసిండు.
"మెత్తటి మన్ను. తవ్వనీకె అల్కగుంటది,
గజానికి ఎక్కువియ్యరు."

పదకొండో సీజన్ల భుజం లేస్తలేదు.
క్లబ్బోళ్లు లెటర్ ఇచ్చిన్రు, మంచి మాటలే.
వచ్చే ఏడుకు ఇంకో దేశం పిల్లగాడు కుదిరిండట.
ఆఖరు మ్యాచ్ నాడు
ఒగ్గు కథ అయినంక పళ్లెం తిప్పినట్టు
గ్రౌండ్ సుట్టు బకెట్ తిప్పిన్రు.
ఆ ముసలాయన అందరికంటె ముందు ఏసిండు.
హైదరాబాద్ల బ్యాంకోడు
నోట్లయితె మారుస్త, చిల్లర ముట్ట అన్నడు.
రెండు కిలోలుంటది, జొన్నల డబ్బల పోసిపెట్టిన.
మక్తల్ పిల్లలు టాస్ ఎయ్యనీకె వచ్చి ఒకటి తీస్కపోతరు,
మళ్ల తెచ్చియ్యరు.

గొంగడి ఆడనే మర్సిన,
డ్రెస్సింగ్ రూముల కొక్కేనికి.
నాయిన ఏం అనలేదు.
గని వాన మొగులైనప్పుడల్లా
అరుగు మీదికెల్లి అడుగుతడు,
"ఆ నలభై రెండోది దొరికిందా?"